తెల్ల బండి మీద పసుపు

ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని సండే స్కూలు పిల్లలకు ఇరవై ఏళ్ళుగా నేనే చెబుతున్నాను. మండపేటలో ఒక రైసు మిల్లు గచ్చు మీద నిలబడి, గట్టిగా ప్రార్థన చేస్తూ చేస్తూ, నేనే ఒక కన్ను తెరిచాను. తెరిచినందుకు ఈ రోజుకీ పశ్చాత్తాపం లేదు. ఆ కంటితో ఏం చూశానో చెప్పాలంటే ముందు రెండు కార్ల సంగతి చెప్పాలి. అంతకంటే ముందు నాకు జరిగిన అన్యాయం చెప్పాలి.

నేను కార్లకు రంగు వేసే మనిషిని. రాజమండ్రి శివార్లలో రేకుల షెడ్డు ఉంది. ఏ పని చేసినా దేవుడి కోసం చేసినట్టే చేయాలని చిన్నప్పుడు మా గుడిలో నేర్పారు. అందుకని స్ప్రే గన్ను పట్టుకునే ముందు కళ్ళు మూసుకుని రెండు మాటలు చెప్పుకుంటాను. బండి ఎవరిదో, దాని అద్దానికి ఏ దేవుడి బొమ్మ వేలాడుతుందో చూడను. రేకు రేకే.

కొన్నేళ్ళ క్రితం మా చర్చిలో సంఘ పెద్ద నా దగ్గరికి ఒక పని తెచ్చాడు. ఆయనకు రాజమండ్రిలో కార్ల అలంకరణ షాపు ఉంది. సీటు కవర్లు, పాలిష్, ఫిలిం అంటించడం లాంటివి చేస్తాడు. డబ్బున్నవాళ్ళతో పరిచయాలు ఆయనకే. ఆ పని మామూలు పని కాదు. మండపేటలో మూడు రైసు మిల్లులున్న ఒక ఆసామి, ఎనభైల చివర్లో తయారైన ఇటలీ కారు కొన్నారు. చదువుకునే రోజుల్లో హాస్టల్ గోడ మీద అంటించుకున్న బొమ్మలోని కారు అది. ఎక్కడ కొన్నారో, ఎలా తెచ్చారో నేను అడగలేదు. షెడ్డులోకి వచ్చేసరికి దాని తెల్లరంగు పాత గోడ సున్నంలా పెచ్చులు లేస్తోంది.

ఆ బండితో ఎనిమిది నెలలు బతికాను. దాని ఒళ్ళు అల్యూమినియం, చేత్తో సుత్తితో కొట్టి వంచింది. పాత రంగు గీకేశాక అరచేత్తో నిమిరితే, ఇటలీలో ఎవరో పనివాడు వేసిన దెబ్బలు ఒక్కొక్కటిగా తగిలేవి. ముందు చక్రాల మీది ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ దారమంత తేడా. ఆ తేడాను నేను సరిచేయలేదు. ఆయన పని ఆయనది. యజమాని అప్పటి పద్ధతిలోనే కావాలన్నారు గనుక, రంగూ మెరుపూ ఒకే పూతలో ఉండే పాతకాలపు రంగు వేశాను. ఇప్పటి కార్లలాగా పైన గాజుపొర లాంటి పూత ఉండదు. అలాంటి రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. దేన్ని రాస్తే దాన్ని తాగేస్తుంది.

"నెల రోజులు దీనికి నీళ్ళు తప్ప ఏదీ తగలకూడదండి. నెల తర్వాత ఏ పూజైనా చేసుకోమనండి, నేనే దగ్గరుండి తుడుస్తాను," అని సంఘ పెద్దతో చెప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

"నాకు చెప్పాలా బ్రదర్? ఈ లైన్లో ఉన్నది నేను కాదా?" అన్నాడు.

పదో రోజున, నేను మా అత్తగారి ఊరిలో ప్రార్థన కూడికకు వెళ్ళినప్పుడు, ఆయన బండి తీసుకెళ్ళి మండపేటలో అప్పగించేశాడు. ఆ రోజు ముహూర్తం బాగుందట. యజమాని తల్లిగారు, ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, తన చేత్తో బానెట్ మీద పసుపు ముద్ద పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టించారు. బండి సాయంత్రం దాకా ఎండలో ఉంది. తుడిస్తే పసుపు రాలేదు. అరచెయ్యంత మరక, తెల్లటి ఒంటి మీద తిరగబెట్టిన కామెర్లలా ఉండిపోయింది.

ఇదేంటని యజమాని అడిగితే, మా సంఘ పెద్ద చెప్పిన మాట ఇది: "అతను మరీ ముదిరిన విశ్వాసి అండి. పూజలంటే అస్సలు పడదు. రంగులో ఏం కలిపాడో ఏంటో!"

నాకు ఆ మాట యజమాని ఫోనులోనే తెలిసింది. "ఏవయ్యా, మీ పెద్దగారు అంతా చెప్పారు. మా దేవుడు నీకు పడకపోతే పని ఒప్పుకోకుండా ఉండాల్సింది. ముసలావిడ చేతి బొట్టుని పాడు చేస్తావా? మా అమ్మ పొద్దున్నించీ ఏడుస్తోంది," అన్నారు. నేను నోరు తెరిచేలోపు పెట్టేశారు. మళ్ళీ ఎత్తలేదు. రెండుసార్లు మిల్లు గేటు దాకా వెళ్తే లోపలికి రానివ్వలేదు.

మండపేట నుంచి నా దగ్గరికి వచ్చే బండ్లు ఆగిపోయాయి. రామచంద్రపురం నుంచీ ఆగాయి. "పూజ చేసే బండికి అతని దగ్గర రంగు వేయించకండి, ఏదో కలుపుతాడు" అనే మాట టైరు షాపుల్లో, టీ కొట్లలో తిరిగింది. పని తగ్గడం కాదు నన్ను కాల్చింది. ఇంకొకరి బొట్టును చెడగొట్టడానికి రంగులో విషం కలిపే మనిషిని అనే నింద నా పేరు మీద పడింది. దేవుడి పేరు పెట్టుకుని బతికేవాడికి అంతకంటే పెద్ద మచ్చ ఏముంటుంది? అది వేసింది నాతో కలిసి మోకరించేవాడు.

పాస్టరు గారితో మొరపెట్టుకున్నాను. "ఇద్దరూ నాకు రెండు కళ్ళు. క్షమించు నాన్నా," అన్నారు. క్షమించలేదు. శత్రువుల పళ్ళు విరగ్గొట్టమని భక్తులు దేవుణ్ణి అడిగిన ప్రార్థనలు మా గ్రంథంలో ఉన్నాయి. వాటిని కంఠతా పట్టాను. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం మొదటి బెంచీలో కూర్చునే సంఘ పెద్ద మెడ వెనక భాగాన్ని చూస్తూ లోపల వాటినే చదివాను.

ఆ మొదటి బెంచీలో ఆయనకు ఒక పని ఉండేది. ఎవరు ప్రార్థన చేసినా, మాట మాటకీ గట్టిగా "అవును తండ్రీ", "నిజమే ప్రభువా" అని పలికేది ఆయనే. ముప్ఫై ఏళ్ళ అలవాటు. వింటున్నాడో లేదో గానీ పలకడం మాత్రం తప్పదు. నిద్రలో ఉన్నా పలుకుతాడని ఆడవాళ్ళ వైపు బెంచీల్లో నవ్వుకునేవారు.

మొన్న వేసవిలో మూడు రోజుల ఉజ్జీవ సభల తర్వాత పాస్టరు గారి గొంతు పూర్తిగా పోయింది. సోమవారం ఉదయం స్కూటర్ మీద మా ఇంటికొచ్చి గుసగుసగా అన్నారు: "మండపేట రావాలి. మిల్లు ఆయన ఇంకో కారు కొన్నారట. వాళ్ళ పూజ అయ్యాక మన ప్రార్థన కూడా పెట్టమన్నారు. మిల్లులో పనివాళ్ళు సగంమంది మనవాళ్ళే కదా. నాకు గొంతు లేదు. నువ్వు చెయ్యి."

"ఆ మిల్లేనా అయ్యగారూ?"

"ఆ మిల్లే. గుండె మెత్తన చేసుకుని రా."

గుండె సంగతి నేనేమీ మాట ఇవ్వలేదు. స్కూటరెక్కాను.

ద్వారపూడి దాటి మండపేట చేరేసరికి ఎండ ముదిరింది. ధాన్యం ఆరబోసే పెద్ద సిమెంటు గచ్చు కడిగి ఉంచారు. ఆ తడి గచ్చు మీద రెండు కార్లూ పక్కపక్కనే నిలబెట్టారు. ఒకటి నా తెల్ల బండి. రెండోది జపాన్‌ది, ఎర్రది, ఇటలీ దానికంటే ఇరవయ్యేళ్ళకు పైగా చిన్నది. అతిథులు పాతికమంది దాకా ఉన్నారు. మా సంఘ పెద్ద తెల్లచొక్కా ఇస్త్రీ మడతలతో మధ్యలో నిలబడి, రెండింటినీ పోల్చి చెబుతున్నాడు.

"పాతదానికి పన్నెండు సిలిండర్లండి, కొత్తదానికి పది. అది వెనక ఇంజిను, ఇది ముందు. ఏది గొప్పంటే ఏం చెప్తామండి? ఏనుగు ఏనుగే, గుర్రం గుర్రమే."

జనం నవ్వారు. నన్ను చూశాడు. చూసి కూడా ఆగలేదు. "రండి బ్రదర్, రండి. కాస్త దూరంగా ఉండి చూడండేం. ఈయన చెయ్యి పడితే బండికి జబ్బు చేస్తుందండీ!"

ఇంకా గట్టిగా నవ్వారు. యజమాని నవ్వలేదు. నన్ను గుర్తుపట్టి, పాస్టరు గారి వైపు చూసి, అతిథి అని ఊరుకున్నారు.

నేను దూరంగానే నిలబడి చూశాను. ఆయనకు తెలియని సంగతులు రెండు బండ్లూ నాకు చెబుతూనే ఉన్నాయి. ఇటలీ బండి తలుపు కత్తెర రెక్కలా పైకి లేస్తుంది. చూడటానికి గొప్పే గానీ లోపల కూర్చుంటే ఉక్క, అద్దం వేలెడే దిగుతుంది, వెనక ఏమీ కనబడదు. వెనక్కి తీయాలంటే తలుపు ఎత్తి, గుమ్మం మీద కూర్చుని, మెడ బయటపెట్టి తీయాలి. క్లచ్చి తొక్కితే మోకాలు వణుకుతుంది. నడిపేవాడు తప్పు చేస్తే దాన్ని సర్దే ఏర్పాటు ఆ బండిలో ఏదీ లేదు. చేసిన తప్పు చేసినవాడే అనుభవించాలి. జపాన్ బండి వేరు. దాని ఒళ్ళు రేకు కాదు, నల్లటి కార్బన్ పోగులను మగ్గం మీద నేసి, జిగురులో ముంచి, పొయ్యిలో గట్టిపరిచినది. కుడి ఎడమలకు వెంట్రుక తేడా లేదు. ఇంజిను ఎంత త్వరగా వేగం అందుకుంటుందంటే మీటరు ముల్లు దానితో పరుగెత్తలేదని, ముల్లుకు బదులు తెర మీద చూపిస్తారు. దాని గొంతును సంగీత వాయిద్యాలు చేసేవాళ్ళు కూర్చుని శ్రుతి చేశారట. డ్రైవరు స్టార్ట్ చేసినప్పుడు విన్నాను. మా గుడిలో పెద్ద ఆర్గన్ మీద పైస్థాయి స్వరం అది. చక్రం జారబోతే ఆ బండి తనే పట్టుకుంటుంది, నడిపేవాడి తప్పును చడీచప్పుడు లేకుండా సర్దేస్తుంది. చూసేవాళ్ళందరికీ అదే ముద్దొచ్చింది. నాకు తెల్లదాని మీదే మనసు. తప్పును తప్పుగా ఉంచే బండి అది.

తెల్లదాని బానెట్ మీద పెద్ద బంతిపూల దండ పరిచారు. దాని అంచు కింద నుంచి పసుపు మరక కనబడుతోంది. చుట్టూ మెరుపు చచ్చిపోయి ఉంది. ఎవరో మరక పోగొట్టాలని మిషనుతో రుద్దీ రుద్దీ రంగును పల్చన చేసేశారు.

అప్పుడు ఎర్ర బండి వైపు తిరిగాను. పెద్దావిడను కుర్చీలోంచి లేపి తీసుకొచ్చారు. ఆవిడ వణికే వేళ్ళతో పసుపు ముద్ద తీసుకున్నారు. మా సంఘ పెద్ద పరుగున వెళ్ళి, "ఇక్కడండమ్మా, సరిగ్గా ఇక్కడ," అని చోటు చూపించాడు. ఎండ వాటంగా పడుతోంది. బానెట్ మీద ఆ చోట, సరిగ్గా అరచెయ్యంత మేర, పారదర్శకమైన ఫిలిం ముక్క అంటించి ఉంది. రంగుల వాడి కంటికి తప్ప కనబడదు. పూజ అయ్యాక ఆ ముక్క పీకేస్తే పసుపు దానితోనే పోతుంది.

అంటే తెలుసు. పసుపు ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. నా ఒళ్ళంతా చల్లబడింది. కోపం వచ్చిందని రాయలేను. పండగ ఉదయం లేచినట్టుగా ఉంది.

హారతి అయింది. యజమాని చేతులు జోడించి, "పాస్టరు గారూ, ఇక మీది కానివ్వండి," అన్నారు. పాస్టరు గారు గొంతు చూపించి, నన్ను ముందుకు తోశారు. సంఘ పెద్ద మొహం ఒక్క క్షణం మారింది, కానీ అందరికంటే ముందు తల వంచి కళ్ళు మూసుకున్నది ఆయనే.

ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడరు. ఎవరూ ఆపరు. మా మధ్య పుట్టి పెరిగిన ఎవరికైనా అది తెలుసు. మూడేళ్ళుగా ఆ గేటు దాటలేని నాకు, అంతకంటే మంచి చోటు ఏ కోర్టులో దొరుకుతుంది?

"ఇటలీ వారికి చేతిపని, జపాను వారికి నేతపని ఇచ్చిన తండ్రీ," అని మొదలుపెట్టాను.

"స్తోత్రం తండ్రీ!" మొదటి పలుకు ఆయనదే.

"ఈ ఇంటి పెద్దతల్లిని దీవించు. ఆమె చేతిని దీవించు."

"దీవించు ప్రభువా!"

"ఈ తెల్లబండికి రంగు వేసిన చేతిని నువ్వు ఎరుగుదువు. ఆ రంగులో కల్తీ లేదని నీకు తెలుసు."

"అవును తండ్రీ, నీకు తెలుసు!"

"నెల రోజులు ఏమీ తగలనివ్వొద్దని రంగు వేసినవాడు మూడుసార్లు చెప్పిన మాట, విన్న చెవి, నీ ముందు దాగలేదు."

"దాగలేదు ప్రభువా!"

"పదో రోజునే బండిని దాటించిన సంగతి, దాచిన సంగతి, నీకు మరుగు కాదు."

"నిజమే తండ్రీ, నిజమే!"

"ఈసారి మాత్రం ఈ ఎర్రబండికి, బొట్టు పెట్టే చోట ముందే ఫిలిం అంటించే జ్ఞానాన్ని ఆ మనిషికే ఇచ్చావు."

"అవును ప్ర..."

అక్కడ ఆగింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ గొంతు మాట మధ్యలో తెగింది. అప్పుడే నేను ఒక కన్ను తెరిచాను. మావాళ్ళందరూ తల వంచి కళ్ళు మూసుకునే ఉన్నారు. యజమాని మాత్రం చేతులు జోడించుకుని, కళ్ళు పూర్తిగా తెరిచి, సంఘ పెద్దనే చూస్తున్నారు. వాళ్ళకు కళ్ళు మూసుకునే నియమం లేదు కదా. సంఘ పెద్ద చెవుల వెనక నుంచి చెమట కాలరులోకి దిగుతోంది. నేను చూసింది అదే. కావలసినంతసేపు చూసి, కన్ను మూసుకుని, ఆమేన్ చెప్పాను.

యజమాని తిన్నగా ఎర్రబండి దగ్గరికి వెళ్ళి పసుపు పక్కన గోరుతో గీకారు. ఫిలిం అంచు లేచింది.

"ఏమండీ పెద్దగారూ, నెల ఆగమని మీకు చెప్పాడా?"

"అదీ... ప్రార్థనలో అలా అంటామండి. అలవాటుగా..."

"దేవుడి ముందు అవునంటారు, నా ముందు కాదంటారా?"

అతిథుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇందాక నా మీద నవ్విన నవ్వే అది, మనిషి మారింది అంతే.

తిరుగు దారిలో పాస్టరు గారు స్కూటరు ఆపి మరీ తిట్టారు, ఆ లేని గొంతుతోనే. "అది ప్రార్థన కాదయ్యా, పంచాయితీ! దేవుణ్ణి సాక్షిగా లాక్కొచ్చి నిలబెట్టావు."

"ఆయన చూశాడు కాబట్టే పిలిచానండి."

"పగ తీర్చుకోవడం మన పని కాదని నేను వందసార్లు చెప్పలేదూ?"

"చెప్పారండి. తీర్చే ఆయనకే అప్పజెప్పాను. ఆయన పక్కన కాస్త నిలబడ్డానంతే."

పాస్టరు గారు నవ్వు ఆపుకుంటూ దగ్గారో, దగ్గుతూ నవ్వారో తెలియలేదు.

రెండు రోజులకు యజమాని ఫోను చేశారు. క్షమించమన్నారు. తెల్లబండి మళ్ళీ నన్నే చేయమన్నారు. కానీ చివర గొంతు తగ్గించి, "అమ్మ మాత్రం నమ్మట్లేదయ్యా. నువ్వు తెలివిగా మాట్లాడి తప్పించుకున్నావంటోంది," అన్నారు. అది గుచ్చుకుంది. పాతికమంది నమ్మినా, బొట్టు పెట్టిన ఆ ఒక్క మనిషి దృష్టిలో నేనింకా అపరాధినే. ఆవిడకు ఎవరు చెప్పాలో నాకు తెలుసు. సంఘ పెద్ద వెళ్ళి చెప్పేదాకా బండి ముట్టుకోనని యజమానితో అన్నాను.

ఆ ఆదివారం ప్రభు బల్ల, సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. బల్ల దగ్గరికి రాకముందే సహోదరులతో సమాధానపడమని పాస్టరు గారు చెప్పడం మామూలే. ఆ రోజు చెబుతూ ఆ రెండు కళ్ళతో మా ఇద్దరినే చూశారు. సంఘ పెద్ద మొదటి బెంచీ నుంచి లేచి, అందరూ చూస్తుండగా నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"అమ్మగారి దగ్గరికి వెళ్ళారా?" అన్నాను, నా చేతులు తొడల మీదే ఉంచి.

"వెళ్తాలే బ్రదర్. ముందు చెయ్యివ్వండి, జనం చూస్తున్నారు."

"మండపేటలోనూ జనం చూశారండి మూడేళ్ళు."

చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండి వెనక్కి వెళ్ళింది. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు నేను తీసుకోకుండా పక్కవారికి అందించాను. ముందు బెంచీలో ఆయన కూడా అందించేశాడు. మా సంఘంలో అది అందరికీ కనబడింది.

మంగళవారం ఆయన మండపేట వెళ్ళాడు. ఆ సంగతి యజమానే చెప్పారు. పెద్దావిడ ముందు నేల మీద కూర్చుని, తప్పు తనదేనని, ఆ అబద్ధం తను చెప్పిందేనని మొత్తం చెప్పాడట. ఆవిడ, "మూడేళ్ళు ఒక మంచివాణ్ణి తిట్టించావు కదయ్యా నాచేత," అని లోపలికి వెళ్ళిపోయారట. మర్నాడే తెల్లబండి లారీ మీద మా షెడ్డుకు వచ్చింది. టైరు షాపుల వాళ్ళు మళ్ళీ పలకరిస్తున్నారు. పోయిన నా పేరు పోయిన దారినే తిరిగొచ్చింది.

ఇక మిగిలింది నా వంతు. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన మళ్ళీ వచ్చాడు. వారంలోనే మనిషి చిక్కిపోయాడు. "చెప్పానండి. మొత్తం చెప్పాను," అని చెయ్యి చాచాడు. క్షమించాలని, ఎన్నిసార్లు క్షమించాలో కూడా నాకు బాగా తెలుసు. ఆ పాఠం పిల్లలకు చెప్పేది కూడా నేనే. పాస్టరు గారు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు.

నేను బెంచీ మీదున్న పాటల పుస్తకం తీసి, రెండు చేతులతోనూ పట్టుకుని, ఆయన పక్కనుంచి బయటకు నడిచాను.